చేదని చెప్పిన పాలు

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడనీ. ఇన్నేళ్ళూ దాచుకుని నేను బాగుపడిందీ లేదు, పోయినవాళ్ళు తిరిగొచ్చిందీ లేదు. మా తమ్ముడికి అమ్మపాలు మాన్పించింది నేను. అప్పటికి వాడికి నాలుగో ఏడు నిండబోతోంది. నాకు పదేళ్ళు.

పాలు మాన్పించడం కూడా ఒక తప్పేనా, అందరూ ఎప్పుడో ఒకప్పుడు మానాల్సిందే కదా అని మీకనిపించవచ్చు. నిజమే. కానీ మా అమ్మకు ఆ పాలతో పని ఉండింది. నాకంటే ముందు ఇద్దరు, నా తర్వాత ఒకరు పుట్టి పోయారు. తమ్ముడి కాన్పులో రెండు పగళ్ళు నొప్పులు పడి, చావు గడప దాకా వెళ్ళి వచ్చింది. కాన్పు చేసిన మంత్రసాని చేతులు కడుక్కుంటూ, ఈ ఒళ్ళు ఇంకో కాన్పును తట్టుకోదని చెప్పి వెళ్ళిందట. ఆ కాలంలో మా కంబదూరు పక్క పల్లెల్లో ఆ మాట విన్న ఆడది ఏం చేయాలి? మొగుడికి చెప్పుకునే మాట కాదు. డాక్టరును అడిగే మాట అంతకంటే కాదు. ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే. బిడ్డ రొమ్ము విడవనంత కాలం మళ్ళీ కడుపు నిలవదని ఆడవాళ్ళ నమ్మకం. అది అందరి విషయంలో నిజం కాదు. మా అమ్మ విషయంలో మాత్రం నాలుగేళ్ళుగా నిజమవుతూ వచ్చింది. అందుకే వాడు తాగినంత కాలం తాగనిచ్చింది. మొగపిల్లవాడని గారాబం చేస్తోందని ఊరంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

నడిచే బిడ్డ, మాట్లాడే బిడ్డ పాలు తాగడం మా ఊళ్ళో వింత కాదు. మూడేళ్ళవాడు వీధిలో గోలీలాడుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఇంట్లోకి పరిగెత్తి, తల్లి కొంగు కింద దూరి, రెండు గుటకలు తాగి, మూతి తుడుచుకుని మళ్ళీ ఆటకు పోయేవాడు. ఆ తల్లి చింతపండు గింజలు తీస్తుంటే తీస్తూనే ఉండేది. అరుగు మీద వాన గురించి మాట్లాడుకునే మగవాళ్ళు మాట ఆపేవాళ్ళు కారు, ముఖం తిప్పుకునేవాళ్ళూ కారు. అసలు అది చూడాల్సిందో, చూడకూడనిదో అన్న ఆలోచనే ఎవరికీ లేదు.

ఎగతాళి మాత్రం ఉండేది. అది లేకపోతే మా ఊరికి పొద్దుపోదు.

"ఏమిరా మొగోడా, మీసాలొచ్చినాక మానుకుంటావా?" అనేది ఒకామె.

"పెండ్లి పీటల మీద గూడా మధ్యలో లేసొచ్చి తాగి పోతాడేమోమ్మే వీడు," అనేది ఇంకొకామె.

మావాడు కొంగులోంచి తల బయట పెట్టి, "పో, నీకియ్యను," అనేవాడు. అందరూ పకపకా నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వేది. ఆ నవ్వులో వాణ్ణి కించపరిచేదేమీ లేదు. వాడు ఆ ఊరి బిడ్డ, తాగుతాడు, ఎప్పుడో మానుకుంటాడు. అంతే. ఆ ఎగతాళి ఎంత మెత్తనిదో, ఇంకో రకం మాట విన్న తర్వాత గానీ నాకు తెలియలేదు.

ఆ ఏడాదికి ముందు వరసగా రెండేళ్ళు వానలు లేవు. విత్తనానికి దాచిన చెనిక్కాయలు కూడా వేయించుకుని తినేశాం. కళ్యాణదుర్గం పోయే రోడ్డుకు కంకర కొట్టే కరువు పని పెట్టారు. నాయనా, అమ్మా ఇద్దరూ పొద్దున్నే సుత్తులు తీసుకుని పోయేవాళ్ళు. మధ్యాహ్నం నేను తమ్ముణ్ణి చంకనెత్తుకుని, సంగటి ముద్ద మూటగట్టుకుని తీసుకుపోవాలి. పాలిచ్చే తల్లి గానుగ చెట్టు నీడలో కూర్చోవచ్చు, బిడ్డ విడిచేదాకా ఎవరూ లేపకూడదు. అది ఎక్కడా రాసిన రూలు కాదు. పనిమీదుండే మేస్త్రీ ఆ చెట్టు వైపు చూసేవాడు కాదు, అంతే. తమ్ముడు నిలబడే తాగేవాడు. అమ్మ కాళ్ళు చాపుకుని, చెట్టు మొదలుకు ఆనుకుని, కళ్ళు మూసుకునేది. రోజు మొత్తంలో ఆమె కళ్ళు మూసుకునేది ఆ కాసేపే.

ఒకరోజు ఆ కంకర కుప్పల దగ్గరే వాణ్ణి తేలు కుట్టింది. ఎడమ కాలి బొటనవేలు మీద. సాయంత్రం దాకా ఏడ్చి ఏడ్చి, అమ్మ రొమ్ము పట్టుకునే నిద్రపోయాడు. తర్వాత చాలా రోజులు రాయి కనబడితే చాలు, "దాంట్లో తేలుండాదాక్కా?" అని అడిగేవాడు. ఈ తేలు సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నట్టు పెట్టుకోనక్కర్లేదు గానీ.

ఆ ఎండాకాలమే మా బడికి పాలపొడి వచ్చింది. కరువు పిల్లలకని పై నుంచి పంపారు. సెలవులైనా రోజూ పొద్దున బడి వరండాలో పెద్ద గంగాళం పెట్టి, వేడినీళ్ళలో పొడి కలిపి, ఇంత బెల్లం వేసి, అయ్యవారి భార్య స్వయంగా పోసేది. మేము అయ్యవారమ్మ అనేవాళ్ళం. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చినామె. ఉతికిన చీర, నున్నగా దువ్విన జడ, మెత్తని మాట. ఆమె మాట్లాడుతుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఆమెలాగా "వచ్చాను", "వెళ్ళాను" అనాలని ఇంట్లో గోడతో మాట్లాడుతూ నేర్చుకునేదాన్ని.

ఆ పాల వాసన ఈ రోజుకీ నా ముక్కులో ఉంది. సత్తు గ్లాసు నిండా నురగ. బెల్లం తీపి. పొడి సరిగా కలవక అడుగున మిగిలిన ఉండలు వేలితో తీసుకుని చప్పరిస్తే స్వర్గమే. ఒక గ్లాసు ఆకలిని చంపేది కాదు, లేపేది. రెండో గ్లాసు కావాలని నేను ఎంతగా కోరుకున్నానంటే, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. పెద్దదాన్నయ్యాక నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

నాకొక ఉపాయం తట్టింది. తమ్ముణ్ణి కూడా తీసుకుపోతే వాడికో గ్లాసు పోస్తారు. వాడు సగం తాగి వదిలేస్తాడు. ఆ సగం నాది. మరునాడు వాడి చేతికి గ్లాసిచ్చి వరసలో నిలబెట్టాను. అయ్యవారమ్మ వాడి బుగ్గ గిల్లి, గరిటె ఎత్తింది. సరిగ్గా అప్పుడే అమ్మ పనికి పోతూ బడి ముందుగా వచ్చింది. మావాడు గ్లాసు కింద పడేసి పరిగెత్తాడు. అందరి ముందరా అమ్మ కొంగు లాగాడు. అమ్మ మెట్టు మీద కూర్చుని, ఎప్పటిలాగే, వాడికి పాలిచ్చింది.

అయ్యవారమ్మ గరిటె దించేసింది.

"అయ్యో, ఇదేమిటమ్మా? ఇంత పెద్దవాడికి ఇంకా పాలిస్తున్నారా?" అంది. "పళ్ళన్నీ వచ్చాయి, చక్కగా మాట్లాడుతున్నాడు. నలుగురిలో చూడ్డానికి ఎలా ఉంటుంది? మనం పశువులమా?"

అమ్మకు కోపం రాలేదు. "ఉండేవి తాగుతాడులేమ్మా. లేకపోతే వాడే మానుకుంటాడు," అంది.

"మరి తల్లిపాలు తాగేవాడికి ఈ పాలెందుకు? పాలు మానేసిన పిల్లలకే సరిపోవడం లేదు. మానిపించి పంపండి, తప్పకుండా పోస్తాను."

ఆమె చెడ్డది కాదు. ఎండలో నిలబడి ఊరి పిల్లలందరికీ పాలు పోసిన మనిషి. తను నేర్చుకున్నదేదో తను చెప్పింది. తప్పంతా ఆమె మీదికి తోసెయ్యాలని చాలాసార్లు చూశాను గానీ, ఆమె చెప్పింది ఒక్క మాట. మిగతాదంతా చేసింది నేను. వరసలో ఉన్న పిల్లలు కిసకిసా నవ్వారు. నాకు చెవుల దాకా మంట పుట్టింది. మా ఊరి ఆడవాళ్ళ నవ్వు వేరు, ఈ నవ్వు వేరు. అంతవరకూ వందసార్లు చూసిన నా తల్లి రొమ్మును నేను మొట్టమొదటిసారి అయ్యవారమ్మ కళ్ళతో చూశాను. అసహ్యమేసింది. ఆ మాట రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. అయినా రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం వాణ్ణి ఎత్తుకుని కంకర పని దగ్గరికి పోతూ దారిలో చెప్పాను.

"రేయ్, అమ్మ రవికలో తేలు దూరిందిరా."

"యాడ?" అన్నాడు.

"ఆడే. నువ్వు తాగే చోట. నోరు పెడితే కుడ్తాది."

వాడు తన కాలి బొటనవేలు చూసుకున్నాడు. కాసేపు ఆలోచించి, "మరి అమ్మను కుట్టదా?" అన్నాడు.

"అమ్మ పెద్దది గదా. అది పిల్లోళ్ళనే కుడ్తాది. అమ్మకు చెప్పినావంటే ఇనపడి బయటికొస్తాది, జాగర్త."

అంత తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందో! బడిలో ఎక్కాలు అప్పజెప్పడానికి రాని తెలివి.

గానుగ చెట్టు కింద అమ్మ కూర్చుని రెండు చేతులూ చాపింది. "రా నాయనా, రా," అంది. వాడు నా పరికిణీ పట్టుకుని కదల్లేదు. అమ్మ నవ్వి, "ఏమైంది నా బంగారుకొండకు?" అని దగ్గరికి లాక్కుంది. వాడు పెట్టిన కేకకు కంకర కొట్టేవాళ్ళంతా సుత్తులాపి చూశారు. కాళ్ళు తన్నుకుని, అమ్మ చేతుల్లోంచి జారి నా వెనక దాక్కున్నాడు. అమ్మ నా ముఖం చూసింది. "తెలీదుమా," అన్నాను.

మూడు రోజులు అదే. పిలవడం, వాడు పారిపోవడం. పాలు నిండి అమ్మ రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. ఒళ్ళు కాలిపోయే జ్వరం. జ్వరంతోనే పనికి పోయింది. సాయంత్రం వచ్చి, ఎవరూ తొక్కకూడదని గోడ మొదట్లో పాలు పిండుకుంటూ, వాణ్ణి పిలిచేది. "ఒక్కసారి రా నాయనా, ఒక్కసారి." వాడు నా పక్కలోకి చేరి, కళ్ళు గట్టిగా మూసుకునేవాడు.

మా పక్కింట్లో దూదేకులామె ఉండేది. పరుపులు, బొంతలు కుట్టేది. అమ్మ ఆమెను అక్కా అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. అమ్మ తన కడుపులో మాట చెప్పుకునేది ఈ లోకంలో ఆమె ఒక్కదానితోనే. ఆమే తమ్ముడికి దిష్టి తగిలిందేమోనని దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించుకొచ్చింది. తాయెత్తు తేలు మీద పనిచేయలేదు. నాలుగో రోజు పొద్దు గూకే ముందు ఆమె వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. నేను చాట పట్టుకుని కొర్రలు చెరుగుతున్నాను.

"ఏమ్మే, పాలు చేదెక్కినాయేమో చూస్తివా?" అంది. "కడుపు నిలిస్తే పాలు చేదైతాయి. పెద్దోళ్ళకు తెలీకముందే బిడ్డకు తెలుస్తాది. అప్పుడు ముట్టరు."

అమ్మ ఉలిక్కిపడింది. "అంత మాటనొద్దక్కా," అంది. ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"అనొద్దంటే ఆగుతాదా? నోట్లో ఏసుకోని చూడు."

అమ్మ చిన్న గిన్నెలోకి నాలుగు చుక్కలు పిండి నాలుక మీద వేసుకుంది. "నాకు తెలీడం లేదక్కా. నాలుగు దినాల జరం, నీళ్ళు గూడా చేదుగానే ఉండాయి. నువ్వు చూడు."

"నేను రోజా ఉండాను గదమ్మా. పొద్దు గూకందే నోట్లో ఏం ఏసుకోకూడదు," అంది పెద్దమ్మ.

అమ్మ నా వైపు చూసింది. "పాపా, ఇట్ల రామ్మా. చేదుగా ఉండాయేమో చూసి చెప్పు."

పొద్దు గూకేదాకా ఆగి ఉంటే చాలు. ఎంతసేపని? అరుగు మీద ఎండ మెట్టు దిగుతోంది అప్పటికే. ఆ కాసేపు ఎవరూ ఆగలేదు.

గిన్నె తీసుకుని తాగాను. గోరువెచ్చగా, పలచగా ఉన్నాయి. లేత టెంకాయ నీళ్ళంత తీపి. బెల్లం కలిపిన తీపి కాదు, దానికదే ఉన్న తీపి. ఒక్క క్షణం నాకు మొత్తం చెప్పేయాలనిపించింది. తియ్యగా ఉన్నాయి, వాడు భయపడుతున్నాడు, తేలు లేదు, నేనే. కానీ అది చెప్తే వీపు పగులుతుంది. వాడు మళ్ళీ తాగుతాడు. బడి ముందు మళ్ళీ నవ్వుతారు. గ్లాసు పోతుంది.

"చేదుగా ఉండాయిమా," అన్నాను.

అమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది. పెద్దమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. "ఇంక ఆ పాలు బిడ్డకియ్యగాకు. కడుపుతో ఉండేదాని పాలు తాగితే బిడ్డ చిక్కిపోతాడు," అంది. అమ్మ తలూపింది. పాలు ఆరిపోవాలంటే మల్లెపూలు కట్టుకోవాలట. ఆ కరువులో మల్లెపూలెక్కడివి? పాత చీర చింపి, ఛాతీ చుట్టూ బిగించి కట్టుకుంది. కట్టుకుంటూ తమ్ముణ్ణి చూసి, "నీ తప్పు గాదురా నాయనా. నా పాలే చేదైనాయి," అంది.

నా తల్లి వాణ్ణి క్షమాపణ అడిగింది. నేను చాట పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

మరునాడు వాణ్ణి బడికి తీసుకుపోయాను. "మానేశాడా? శభాష్!" అని అయ్యవారమ్మ గ్లాసు నిండా పోసింది. దారిలో వాడు సగం తాగాడు. మిగతా సగం నేను తాగాను. రోజూ అంతే. వానలు పడి, పాలపొడి రావడం ఆగిపోయేదాకా తాగాను. ఒక నెలా, ఇంకొన్ని రోజులు. మా అమ్మ ప్రాణానికి నేను కట్టిన ఖరీదు అది. పోనీ ఆ పాలు తాగి నేనేమైనా బలిసానా అంటే అదీ లేదు.

ఇంకా ఒక అవకాశం వచ్చింది. దేవుడు నాకు రెండోసారి కూడా తలుపు తీశాడు. నెల తిరక్కముందే అమ్మ బయట చేరింది. కడుపు లేదు, ఏమీ లేదు. ఆ రోజు అమ్మ ముఖం చూడాల్సింది. పెరట్లో విడిగా చాప మీద కూర్చుని, తనలో తను నవ్వుకుంటోంది. మూడు రోజులు గడిచి తలస్నానం చేసి వచ్చి, తడి జుట్టుతోనే వాణ్ణి పిలిచింది. "రారా నాయనా, చేదు పోయింది. రా." పాలు ఆరిపోయాయి గానీ, బిడ్డ నోరు పెడితే మళ్ళీ పడతాయని ఆమె ఆశ. వాడు వచ్చి నా వెనక నిలబడ్డాడు. అప్పుడైనా నేను వంగి వాడి చెవిలో, తేలు వెళ్ళిపోయిందిరా అంటే సరిపోయేది. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం. దానికి ధైర్యం కూడా అక్కర్లేదు. నేను ఆ మాట ఎందుకనలేదో ఈ రోజుకీ నాకు తెలియదు. పాలపొడి అప్పటికింకా వస్తోంది, అంతకంటే నాకు వేరే జవాబు లేదు.

శ్రావణం వెళ్ళేసరికి అమ్మకు నిజంగానే కడుపు నిలిచింది. లేని కడుపుకు భయపడి పాలు మాన్పింది, పాలు మాన్పినందుకు కడుపు వచ్చింది. పెద్దమ్మ బావి దగ్గర ఎవరితోనో అంటుంటే విన్నాను. "వాడు ఇంగో రెండేండ్లు తాగింటే ఆమెకు గండం గడిచిండేది. ఆ పాలే ఆమెకు మందు." నా చేతిలో కడవ ఉంది. కడవ జారలేదు, పగల్లేదు. నీళ్ళు తోడుకుని, ఎత్తుకుని ఇంటికి వచ్చాను. ఆ రోజు నుంచి నాకు అంతా తెలుసు. అమ్మ కడుపు పెరుగుతుంటే చూస్తూ, ఆమె చేతిలో పని లాక్కుని చేస్తూ, ఎనిమిది నెలలు నోరు మూసుకున్నాను.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి మంత్రసాని బయటికి వచ్చి, బండి కట్టి కళ్యాణదుర్గం తీసుకుపొమ్మంది. నాయన ఎద్దుల కోసం పరిగెత్తాడు. అమ్మ తమ్ముణ్ణి తీసుకురమ్మంది. తీసుకుపోయాను. ఆమె చెయ్యి చాపింది. వాడు ఆమె ముఖం చూడలేదు, రవిక వైపు చూసి నా వెనక్కి వచ్చాడు. అప్పుడు వంగి వాడి చెవిలో చెప్పాను. "తేలు లేదురా. నేను అబద్ధం చెప్పినాను. పో, అమ్మ దగ్గరికి పో." చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. వాడు నన్ను నమ్మలేదు. సంవత్సరం పాటు నేనే కదా వాణ్ణి నమ్మించింది. అమ్మ చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, చాప మీదికి దిగింది. బండి ఊరి పక్క వాగు దాటకముందే అంతా అయిపోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

వాణ్ణి నేనే పెంచాను. రెండేళ్ళు నా బడి ఆగిపోయింది. సంగటి కలిపి పెట్టాను, పేలు తీశాను, పరీక్ష ఫీజుకు నాయనతో పోట్లాడాను. అక్క కాదు, తల్లి అని ఊరంతా నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు మండిపోయేది. ఎవరైనా ఎక్కువగా పొగిడితే లేచి వెళ్ళిపోయేదాన్ని. పొగరుబోతు పిల్ల అన్నారు.

అరవైల్లో నాకు పెళ్ళయి కళ్యాణదుర్గం వచ్చాను. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఒకే వాకిలి చుట్టూ నాలుగు కాపురాలు. నా కూతురికి మూడేళ్ళు దాటినా పాలిచ్చాను. అప్పటికి రోజులు మారాయి. ఆ వాకిట్లో డబ్బాపాలు పట్టడం గొప్ప, తల్లిపాలు ఏడాది దాటితే నామోషీ. "పల్లెటూరి బుద్ధి యాడికి పోతాదిలే," అని ఒకామె నాకు వినబడేట్టే అనేది. సూది వేయడానికి వచ్చిన నర్సు, "ఏందమ్మా ఇది, పిల్లను బడిలో చేర్చే వయసులో?" అంది. మా ఆయన కూడా, "తలుపైనా వేసుకో," అన్నాడు. నేను తలుపు వేసుకోలేదు. వాకిట్లో, వాళ్ళందరి ముందరా, మెట్టు మీద కూర్చుని ఇచ్చేదాన్ని. "నీకేమన్నా తక్కువైతాండాదామ్మా?" అని అడిగేదాన్ని. నాకు మొండిదని పేరొచ్చింది. అది మొండితనం కాదు. అమ్మ కూర్చున్న మెట్టు మీద నేనెప్పుడో కూర్చోవాల్సింది, ఆలస్యంగా కూర్చున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. పదహారేళ్ళు, కొత్తగా మీసం. హైస్కూలు అయిపోయి చెనిక్కాయల మిల్లులో పనికి చేరాడు. పళ్ళెంలో సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టి ముందు కూర్చున్నాను. ఇంతలో నా కూతురు వచ్చి ఒళ్ళో చేరి కొంగు లాగింది. వాడు చప్పున ముఖం తిప్పుకున్నాడు.

"అంత పెద్ద పిల్లకు పాలేందక్కా? మానిపీరాదా?" అన్నాడు.

"నువ్వు దీనికంటే పెద్దోడివయినాక గూడా తాగినావు," అన్నాను నవ్వుతూ.

"నేనా?" అన్నాడు. ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "నాకు గుర్తులేదు. అమ్మ మొగమే గుర్తులేదు. ఒక్కటే గుర్తుండాది. అమ్మను చూస్తే భయమేసేది. ఎందుకో తెలీదు. నన్ను ఏమన్నా కొట్టేదా? దగ్గరికి రానిచ్చేది గాదా? ఎవుర్నడిగినా, లేదురా, నువ్వంటే ప్రాణం అంటారు. మరి ఆ భయమేందక్కా?"

ఇన్నేళ్ళూ నేను పోగొట్టింది అమ్మ ప్రాణమొక్కటే అనుకున్నాను. వాడి దగ్గర అమ్మ అనేదే లేకుండా చేశానని ఆ మధ్యాహ్నం తెలిసింది. చనిపోయిన తల్లి ఎవరికైనా జ్ఞాపకంగా మిగులుతుంది. వాడికి భయంగా మిగిలింది.

చెప్పాను. గ్లాసు సంగతీ, తేలు సంగతీ, గిన్నెలో పాలు తియ్యగా ఉండడమూ, నేను చేదనడమూ, అన్నీ వరసగా చెప్పాను. నా ఒళ్ళో పిల్ల తాగుతూనే ఉంది. వాడు పళ్ళెం వైపే చూస్తూ విన్నాడు. అయిపోయాక అన్నాడు.

"అయితే అమ్మ నన్ను తరమలేదా?"

"లేదురా. రోజూ పిలిచింది. నిన్ను పోనీకుండా చేసింది నేను."

వాడు లేచాడు. చెయ్యి కడుక్కుని, మేకుకు తగిలించిన చొక్కా వేసుకున్నాడు. నా ఇంట్లో వాడు అన్నం సగంలో వదిలేసింది ఆ ఒక్కరోజే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెప్పులేసుకుని గడప దాటి, రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఎట్ల పిలిచేదక్కా?"

పిల్లను కింద దించి, అమ్మ చాపినట్టే రెండు చేతులూ చాపి, "రా నాయనా, రా," అన్నాను.

వాడు వెనక్కి తిరిగాడు.

"ఇంగోసారి చెప్పు," అన్నాడు.